పాత బడికి 20 శాతం క్రెడిట్: మెలిక ఎక్కడుందంటే

అమెరికాలో పాత ప్రభుత్వ బడిని బాగు చేస్తే ఖర్చులో 20 శాతం ఫెడరల్ పన్ను క్రెడిట్‌గా, అంటే కట్టాల్సిన పన్నులో తగ్గింపుగా, తిరిగొస్తుందని ఒక వ్యాసంలో రాశారు. సగమే నిజం. ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థ, స్కూల్ డిస్ట్రిక్ట్, పన్నే కట్టదు, ఇక క్రెడిట్ దేనికి? పోనీ, భవనాన్ని ప్రైవేటు డెవలపర్‌కు అమ్మి, బాగు చేయించి, మళ్లీ అద్దెకు తీసుకుందామా అంటే అదీ కుదరదు. అంతకుముందు వాడిన పన్నులేని సంస్థే అందులో సగానికి మించి అద్దెకు తీసుకుంటే, ఆ భాగం ఖర్చుకు క్రెడిట్ పోతుంది. బడి బడిగానే మిగిలితే రాయితీ లేదు, అద్దె అపార్ట్‌మెంట్లైతే ఉంది! విడ్డూరమే.

డెవలపర్లూ లెక్క చూసుకోవాలి. ఎంచుకున్న 24 నెలల్లో పెట్టే అర్హమైన ఖర్చు, స్థలం విలువ తీసేశాక పన్ను లెక్కల్లో భవనానికుండే విలువను దాటాలి. స్థలం పోను భవనానికి 10 లక్షల డాలర్లు పెట్టి, 20 లక్షలు ఖర్చు చేస్తే క్రెడిట్ 4 లక్షలు. 2017 పన్ను చట్టం తర్వాత అది ఒకేసారి రాదు, ఏటా 80 వేల చొప్పున ఐదేళ్లు. కొన్న ధర, కొత్తగా కట్టిన గదులు, పార్కింగ్ లెక్కలోకి రావు.

ఈ క్రెడిట్ చారిత్రక భవనాలకే కాబట్టి, వాటి పాత రూపం చెడకూడదు. చాలా దరఖాస్తులు దెబ్బతినేది కిటికీల దగ్గర. బాగుచేయగల పాత చెక్క చట్రాలు పీకేసి వినైల్ (ప్లాస్టిక్) చట్రాలు పెడితే తిరస్కరిస్తారు. వెడల్పాటి నడవాలను ఇరుకు చేసినా, ఆడిటోరియాన్ని గదులుగా ముక్కలు చేసినా అంతే. చేయబోయే పనుల వివరాలిచ్చే రెండో భాగం దరఖాస్తు ఆమోదం పొందకముందే కూల్చివేత మొదలుపెడితే ఆ నష్టభయం మీదే.