సీడీఎల్ రాతపరీక్షకు రెండు రాత్రుల బట్టీ చాలదు

అమెరికాలో ట్రక్కు నడపాలనుకునే తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తరచూ తిరుగుతోంది. సీడీఎల్ (వాణిజ్య వాహనాల డ్రైవింగ్ లైసెన్సు) రాతపరీక్షకు రాష్ట్రం ఇచ్చే మాన్యువల్ చదవనక్కర్లేదని, జత చేసిన ప్రశ్నలూ జవాబులూ రెండు రాత్రులు బట్టీ పడితే అవే వస్తాయని, ఎయిర్ బ్రేకుల (గాలి ఒత్తిడితో పనిచేసే బ్రేకుల) పరీక్ష తర్వాత చూసుకోవచ్చని, పర్మిట్ (నేర్చుకునేవారికిచ్చే అనుమతి) వచ్చాక మిగతాది స్కూలువాళ్లే నేర్పుతారని దాని సారాంశం. మంచి ఉద్దేశంతోనే పంపుతున్నారని నమ్ముతాను, కానీ దీన్ని నమ్మి సిద్ధమయ్యేవారు డబ్బూ సమయమూ రెండూ పోగొట్టుకుంటారు.

మొదటిది, అవే ప్రశ్నలు వస్తాయన్న మాట. నూటికి ఎనభై మార్కులు రావాలన్నది ఫెడరల్ నిబంధన. చాలా రాష్ట్రాల్లో జనరల్ నాలెడ్జ్ (వాహనం నడపడంపై ప్రాథమిక) పరీక్షకు 50 ప్రశ్నలు, అంటే 40 సరిగా రాయాలి. ప్రశ్నలో అంకె మారితే బట్టీ పట్టిన జవాబు అక్కడే తప్పవుతుంది. ముందు వాహనానికి ఎంత ఎడం ఉంచాలన్న ప్రశ్ననే తీసుకోండి. వాహనం పొడవులో ప్రతి 10 అడుగులకు ఒక సెకను, వేగం గంటకు 40 మైళ్లు దాటితే అదనంగా మరో సెకను అన్నది మాన్యువల్ సూత్రం. 60 అడుగుల ట్రక్కు 50 మైళ్ల వేగంతో వెళ్తుంటే ఏడు సెకన్లు. ఆ ఏడును మాత్రమే గుర్తుపెట్టుకున్నవారు అదే వేగంలో 40 అడుగుల వాహనం గురించి అడిగినా ఏడే పెడతారు. సరైన జవాబు ఐదు. అలాగే ఖాళీ ట్రక్కు త్వరగా ఆగుతుందని మనకు సహజంగా అనిపిస్తుంది. బరువైన వాహనాల బ్రేకులు, స్ప్రింగులు నిండు లోడుకు తగ్గట్టు తయారవుతాయి కాబట్టి, ఖాళీ వాహనానికి రోడ్డు మీద పట్టు తక్కువై, ఆగడానికి ఎక్కువ దూరమే పడుతుంది. ఈ కారణం తెలిసినవారిని ప్రశ్న ఏ రూపంలో వచ్చినా తికమక పెట్టలేదు.

ఎయిర్ బ్రేకులను పక్కన పెట్టమన్న సలహా అన్నిటికన్నా హానికరం. ఆ పరీక్ష తప్పితే లైసెన్సు మీద ఎల్ అనే ఆంక్ష పడుతుంది, ఎయిర్ బ్రేకులున్న వాణిజ్య వాహనాలు నడపకూడదు. ట్రాక్టర్ ట్రైలర్లు, అంటే వెనక ట్రైలర్ తగిలించిన పెద్ద ట్రక్కులు, దాదాపు అన్నీ అవే. పైగా ఇక్కడ చదివిందే తర్వాత వాహనం దగ్గర చేసి చూపాలి. చక్రాలకు అడ్డు పెట్టి, గాలి పూర్తిగా నిండాక ఇంజిన్ ఆపి, పార్కింగ్ బ్రేకు విడిచి, బ్రేకు పెడల్‌ను 90 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) లేదా అంతకన్నా ఎక్కువ ఒత్తిడి పడేలా తొక్కి పట్టాలి. ఒత్తిడి చూపే ముల్లు మొదట కొంత దిగి నిలుస్తుంది; అక్కడి నుంచి నిమిషం లెక్కపెట్టాలి. ఆ నిమిషంలో ట్రైలర్ ఉన్న వాహనానికి 4 పీఎస్‌ఐ, ఒంటరి వాహనానికి 3 పీఎస్‌ఐ కన్నా ఎక్కువ పడిపోతే గాలి కారుతున్నట్టు. స్కిల్స్ టెస్టులో (వాహనంతో చేసి చూపే పరీక్షలో) ఎయిర్ బ్రేకు తనిఖీలో ఏ భాగం సరిగా చేయకపోయినా వాహన తనిఖీ పరీక్ష మొత్తం తప్పినట్టే. పెడల్ తొక్కాక గాలి చక్రాల దాకా చేరడానికి కొంత సమయం పడుతుంది. గంటకు 55 మైళ్ల వేగంలో ఆ ఆలస్యం ఒక్కటే మాన్యువల్ ప్రకారం సుమారు 32 అడుగులు. ట్రక్కుకు ముందు పిల్లలున్న కారు ఆగి ఉంటే ఆ 32 అడుగుల విలువ ఎంతో నేను చెప్పనక్కర్లేదు.

స్కూలు సంగతి. 2022 ఫిబ్రవరి 7 నుంచి క్లాస్ ఎ (బరువైన ట్రైలర్ లాగే వాహనాలు), బి (ఒంటరి భారీ వాహనాలు) లైసెన్సు కొత్తగా తీసుకునేవారికి ఫెడరల్ శిక్షణ సంస్థల రిజిస్ట్రీలో నమోదైన సంస్థలో శిక్షణ తప్పనిసరి అయింది. కానీ ఇన్ని గంటలు నేర్పాలన్న కనీస పరిమితి ఫెడరల్ నిబంధనల్లో లేదు, అక్కడి థియరీలోనూ ఎనభై శాతం రావాలి. పర్మిట్ తీసుకున్నాక స్కిల్స్ టెస్టుకు కనీసం 14 రోజులు ఆగాలి. పాఠం ముందే తెలిసినవారికి ఆ రోజులు స్టీరింగ్ మీద చేయి తిరగడానికి పనికొస్తాయి.

ఆ ప్రశ్నలకు తెలుగు అర్థాలు రాసి పంపుతున్నవారూ ఉన్నారు. అర్థం చేసుకోవడానికి తెలుగు మంచిదే, నేనూ అదే చేయమంటాను. అయితే పరీక్షలో దుబాసీని అనుమతించరు, స్కిల్స్ టెస్టు ఇంగ్లీషులోనే జరుగుతుంది. 2025 జూన్ 25 నుంచి రోడ్డు మీద అధికారి అడిగినదానికి ఇంగ్లీషులో జవాబు చెప్పలేని డ్రైవరును అక్కడే ఆపేయవచ్చు.

మాన్యువల్‌ను ప్రతి రాష్ట్రమూ ఉచితంగానే ఇస్తుంది. క్లాస్ ఎ కోరేవారు ముందుగా 1, 2, 3, 5, 6 అధ్యాయాలు చదవాలి. మాదిరి ప్రశ్నలు ఆ తర్వాత, ఎక్కడ తప్పుతున్నామో చూసుకోవడానికి. తప్పిన ప్రతి ప్రశ్నకూ మళ్లీ ఆ పేజీ తెరవండి.