ఆరు ఆదివారాల లెక్క

విభూది బుధవారం నాడు నల్గొండలోని మా గుడిలో ఫాదర్ గారు నా నుదుట బూడిదతో సిలువ గుర్తు వేసి నేను మట్టినని గుర్తు చేయగానే, ఈస్టర్‌కు ముందు వచ్చే ఈ నలభై రోజుల తపస్కాలమంతా చాయ్ ముట్టనని తీర్మానించుకున్నాను. నిజానికి తిరుసభ, అంటే మా కతోలిక సంఘం, 18 నుంచి 59 ఏళ్ల వారికి విధించిన ఉపవాసం ఆ బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే), ఈ రెండు రోజులే. చాయ్ ఊసు అందులో లేనే లేదు. అయితే దేవుణ్ణి "పూర్ణ హృదయముతో" ప్రేమించమన్న మార్కు సువార్త మాట నాకు బాగా పట్టుకుంది. ఉపవాసాన్ని నలుగురికీ చాటుకోవద్దని ఆ రోజే మత్తయి సువార్త చదివారు గానీ, సాయంత్రానికల్లా నేను చుట్టపక్కాలందరికీ ఫోన్ చేసి చెప్పేశాను.

మూడో రోజే శుక్రవారం. ప్రభువు సిలువ మోసిన దారిని పద్నాలుగు స్థలాలుగా ధ్యానించే సిలువ మార్గంలో, ఆయన మూడవసారి పడిపోయిన తొమ్మిదవ స్థలం దగ్గర మోకరిల్లినప్పుడు, పక్క హోటల్ నుంచి యాలకుల వాసన కిటికీలోంచి వచ్చింది. పెదవులు జపం చెబుతూనే ఉన్నాయి, హృదయం మాత్రం పూర్ణంగా హోటల్‌కు పోయింది.

ఇంట్లో క్యాలెండర్ పక్కన దారంతో ఎర్ర పెన్ను వేలాడదీసి, రోజుకొక సున్నా చుట్టసాగాను. "ఆదివారాలు లెక్కల రావంట గదా, ఒక్క కప్పు తాగరాదు" అని మా ఆవిడ అంటే, పూర్ణ హృదయానికి ఆదివారం సెలవుంటుందా అని గదమాయించాను. నలభయ్యో సున్నా సరిగ్గా ఈస్టర్‌కు ముందటి మ్రానికొమ్మల ఆదివారం నాడు పడింది. ఈతమట్ట ఊపుతూ నేను అరిచిన హోసన్నాలో భక్తి ఎంతో, మర్నాటి చాయ్ మీది ఆశ ఎంతో ప్రభువుకే తెలియాలి.

సోమవారం తెల్లవారగానే హోటల్లో కూర్చుని, చాయ్ సాసర్‌లో పోసి, మీగడను ఊది పక్కకు జరిపి, కళ్లు మూసుకుని ఒక్క గుక్క జుర్రాను. కళ్లు తెరిచేసరికి ఎదురుగా గుడిలో మతబోధ చేసే మా ఉపదేశి గారు.

"పవిత్ర వారంల చాయా సార్?"

ఆదివారాలు కలపకుండా నలభై గనుక, ఈస్టర్ ముందురోజైన పవిత్ర శనివారానికి మొత్తం నలభై ఆరు రోజులవుతాయని ఆయన వివరించారు. నేను తగ్గలేదు. ఆరు ఆదివారాలు ఊరికే మానేశాను కదా, వాటిని ఈ ఆరు రోజులకింద జమ కట్టుకోమన్నాను. ఆయన వేళ్లు మడిచి చూసుకుని, ఆరుకు ఆరు సరిపోయేసరికి నోరు మెదపలేకపోయారు.

గల్లాపెట్టె దగ్గరి హోటల్ భాయ్ మాత్రం ఊరుకోలేదు. "మేము నెలవంకను జూసి రంజాన్ రోజాలు ఇడుస్తం సార్, మీరు చాయ్‌ను జూసి ఇడిసిన్రా?"

నేను ఇల్లు చేరేలోపే, మొదటి రోజు నేను ఫోన్ చేసిన వారందరూ వరుసబెట్టి నాకు ఫోన్ చేశారు. మా ఆవిడ మాత్రం ఒక్క మాట అనలేదు. క్యాలెండర్ దగ్గర నిలబడి, ఎర్ర పెన్నుతో సోమవారం గడిని కొట్టేస్తోంది.