డెంగీ రోగి చిరునామా ఎక్కడ ఆగిపోతోంది?

వానలు మొదలైతే చాలు, కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల: ఫాగింగ్ ఎప్పుడు? కార్పొరేటర్‌కు గట్టిగా చెబితే సాయంత్రానికి బండి వస్తుంది, వీధంతా పొగ కమ్ముతుంది, నాలుగు ఫొటోలు పడతాయి. డెంగీ విషయంలో ఈ తతంగం వల్ల ఒరిగేది తక్కువే. పొగ ఎగిరే దోమను చంపుతుంది గానీ నీళ్లలోని లార్వా జోలికి పోదు. పైగా డెంగీని మోసే ఏడిస్ దోమ మురుగు కాల్వల్లో పెరిగే రకం కాదు. మూత లేని సంపు, కూలర్ అడుగు, ఫ్రిజ్ వెనక ట్రే, మేడ మీద పాత టైరు దానికి చాలు. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి, శుక్రవారం, నిల్వ నీళ్లన్నీ ఒంపేసే ‘డ్రై డే’ పెట్టింది అందుకే. అయితే తొట్టి ఒంపేస్తే సరిపోదు, లోపలి గోడలు రుద్ది కడగాలి. అక్కడ అంటుకున్న గుడ్లు నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయి. ఈ ముక్క ప్రచారంలో పెద్దగా వినపడదు.

ఏడిస్ పుట్టిన చోటు నుంచి ఎక్కువ దూరం పోదు. కాబట్టి ఆరోగ్య శాఖకు కావాల్సిన అసలు ఆయుధం రోగి డోర్ నంబరు. అది వెంటనే చేతికొస్తే చుట్టుపక్కల ఇళ్లలో మందు కొట్టి, నిల్వ నీళ్లు పారబోయించవచ్చు. రెండు వారాల తర్వాత వస్తే ఆ రోగిని కుట్టిన దోమలు పక్కింటికి పంచాల్సింది పంచేసి ఉంటాయి.

ఆ నంబరు రాకపోవడానికి ఒక పాత పేచీ ఉంది. నగరంలో జ్వరమొస్తే ముందు వెళ్లేది ప్రైవేటు క్లినిక్‌కే. అక్కడ ర్యాపిడ్ కిట్‌లో పాజిటివ్ అంటారు, ఇంటివాళ్లు ప్లేట్‌లెట్ల కోసం పరుగులు పెడతారు. సర్కారు మాత్రం ల్యాబ్‌లో చేసే ఎలైజా రక్త పరీక్షలో తేలితేనే లెక్కలోకి తీసుకుంటుంది. కిట్లను పూర్తిగా నమ్మలేం కాబట్టి లెక్కకు ఆ నియమం సబబే. కానీ మందు కొట్టడానికి కూడా ఎలైజా ఫలితం దాకా ఆగాలా? కేసు లెక్కించడానికి నిర్ధారణ కావాలి, ఇంటికి వెళ్లడానికి అనుమానం చాలు. ఈ రెంటినీ కలిపేయడమే చిక్కు.

పల్లెల్లో ఈ తేడా ఎప్పుడో గుర్తించారు. వ్యాధుల నిఘా కార్యక్రమంలో పల్లె ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం నింపే ‘ఎస్’ ఫారం పరీక్షల కోసం చూడదు, లక్షణాలు ఉంటే చాలు. తండాలోని జ్వరం ఆ నిఘా పోర్టల్‌లోకి ఎక్కుతుంది, నగరం నడిబొడ్డున ఏసీ గదిలో పడుకున్న రోగి వివరం చాలాసార్లు ఎక్కదు. ఒకవేళ ఎక్కినా, హైదరాబాద్‌లో రోగుల జాబితా జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్ఓ) దగ్గర, దోమల నివారణ సిబ్బంది జీహెచ్ఎంసీ ఎంటమాలజీ (కీటకాల) విభాగంలో. కాగితం ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు నడవాలి.

దీనికి కొత్త చట్టాలేమీ అక్కర్లేదు. ప్రైవేటు ఆస్పత్రుల రిజిస్ట్రేషన్ నడిచేది జిల్లా వైద్యాధికారి కార్యాలయం ద్వారానే. రెన్యువల్‌కు వచ్చినప్పుడు అగ్నిమాపక శాఖ ఇచ్చే ఫైర్ ఎన్‌ఓసీ చూసినట్టే, అనుమానిత జ్వరాల చిరునామాలు ఏ రోజుకారోజు పంపారా లేదా అన్నదీ చూడొచ్చు. రోగి పేరు కూడా అవసరం లేదు, డోర్ నంబరు ఇస్తే చాలు.