నో పీకా!

నిన్న రాత్రి సంగతి. పెదవులు ఇంకా చురచురమంటూనే ఉన్నాయి, ఆ మంట మీదే రాసేస్తున్నాను.

డాలస్ నుంచి నాలుగు రోజుల సెలవులకి మెక్సికో సిటీ వచ్చాం. వంటల లోకంలో పెద్ద బిరుదు మిషెలిన్ స్టార్‌ని 2024లో కొట్టేసిన టాకో కొట్టు చూడాలని నా కోరిక. (టాకో అంటే చిన్న మొక్కజొన్న రొట్టెలో మాంసం పెట్టి మడిచేది.) అక్కడి లైను చూసి మా బావమరిది, "ఇవన్నీ టూరిస్టులకి బావా, అసలు సరుకు నార్వార్తె పేటలో ఉంటుంది" అని క్యాబ్ ఎక్కించాడు. వీడు ఫోనులో ఏదో యాప్ పెట్టుకుని 40 రోజులుగా స్పానిష్ నేర్చుకుంటున్నాడు. ఒక్కరోజు కూడా మానలేదు. మానలేదని మాకు చెప్పడం కూడా ఒక్కరోజు మానలేదు. మా ఆవిడ కాళ్ళు నొప్పులని హోటల్లోనే ఉండిపోయింది. అదృష్టవంతురాలు.

ఫుట్‌పాత్ మీద బండి, చుట్టూ జనం. నిలువు ఊచకి ఎర్రటి మాంసం గుచ్చి మంట ముందు తిప్పుతున్నారు. చూడ్డానికి బొంగరంలా ఉంది. వాళ్ళూ దాన్ని 'ట్రోంపో' అనే అంటారు, అంటే బొంగరమే. దాని నెత్తిన అనాసపండు. వంటకం పేరు 'అల్ పాస్తోర్'. పాస్టరు గారికీ దీనికీ ఏం సంబంధం అంటే, పాస్తోర్ అంటే గొర్రెల కాపరట. లెబనాన్ నుంచి వలస వచ్చినవాళ్ళు తెచ్చిన షవర్మా ఇక్కడ ఇలా మారిందట. మరి గొర్రెల కాపరి పేరు చెప్పి పంది మాంసం పెట్టడమేమిటిరా అంటే, "తినండి బావా" అన్నాడు. (ఈ పంది సంగతి మా అమ్మకి తెలియదు. చదివినవాళ్ళెవరూ గుంటూరుకి ఫోన్ చేయకండి.)

గట్టు మీద గిన్నెలున్నాయి. పచ్చ చట్నీ, ఎర్ర చట్నీ, నిమ్మబద్దలు. ఆ చివర, సన్నగా చీరిన ఎర్ర ఉల్లిపాయలు నిమ్మరసంలో ఊరి గులాబీ రంగుకి తిరిగి ఉన్నాయి. మధ్యమధ్యలో నారింజ రంగు ముక్కలు. క్యారెట్ అనుకున్నాను. బిర్యానీ పక్కన ఉల్లిపాయ కనిపిస్తే, ఇది కారమా అని ఎవరైనా అడుగుతారా? అయినా నేను అడిగాను. ఇంటికెళ్ళాక వీడు కథ మార్చేస్తాడు కాబట్టి ముందే రాసిపెడుతున్నాను: నేను అడిగాను.

మా దుబాసీ గొంతు సవరించుకుని, "పీకా?" అన్నాడు. వాళ్ళ భాషలో 'మండుతుందా' అని. బండాయన చేస్తున్న పని ఆపకుండానే, "నో పీకా..." అంటూ చివర ఇంకేదో మాట కలిపాడు. మావాడు రెండు మాటలకే చేతులు దులుపుకుని, "నో పీకా అట, లాగించండి బావా" అన్నాడు. ఆ కలిపిన మాట 'తాంతో'. నో పీకా తాంతో అంటే 'మరీ అంత మండదు' అని. ఎవరికి అంత? అది 41వ రోజు పాఠంలో ఉందేమో.

నిండా గరిటెడు వేసుకున్నాను. పక్కనాయన నా ప్లేటు చూసి నమలడం ఆపేశాడు. గౌరవం అనుకున్నాను.

మొదటి ముద్ద అద్భుతం. రెండో ముద్దకి తెలిసింది పీక అంటే ఏమిటో. స్పానిష్ పీకా కాదు, అచ్చ తెలుగు పీక. ఆ నారింజ ముక్కలు హబనెరో మిరపకాయలు. కారం కొలిచే స్కోవిల్ లెక్కలో మన గుంటూరు సన్నం ఘాటు 40 వేల దగ్గర ఆగితే, హబనెరో లక్ష దగ్గర మొదలవుతుంది. ఇది తర్వాత హోటల్లో, నాలిక మీద ఐసు పెట్టుకుని చదివిన జ్ఞానం. అప్పటికి నా బుర్రలో ఉన్నది ఒకటే. నేను మిర్చి యార్డు ఊరివాణ్ణి. డాలస్‌లో ఎవరింటికి భోజనానికి పిలిచినా "ఇది కారమా?" అని నవ్వి వచ్చేవాణ్ణి. ఆ నవ్వులన్నీ వరసగా గుర్తొచ్చాయి. దగ్గితే పరువు పోతుంది. దగ్గలేదు. కళ్ళల్లోంచి మాత్రం ధారలు.

ఇక్కడో మర్యాద ఉంది. తినేవాళ్ళ పక్కనుంచి వెళ్ళేటప్పుడు "ప్రొవేచో" అంటారు, హాయిగా తినండి అని. మనం "గ్రాసియాస్" అనాలి. సరిగ్గా అప్పుడే ఓ కుటుంబం తినడం ముగించి కదిలింది. తాతగారు ఆగి, నా మొహంలోకి చూసి, "ప్రొవేచో". నేను ఏడుస్తూ, "గ్రాసియాస్". మామ్మగారు, "ప్రొవేచో". గ్రాసియాస్. కొడుకు. గ్రాసియాస్. కోడలు. గ్రా... చంకలో పిల్ల చెయ్యి ఊపింది. మన దగ్గరైతే పొలమారితే నెత్తి మీద తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు" అని మంచినీళ్ళిస్తారు. ఇక్కడ ఇంత ఏడుపులోనూ హాయిగా తినమనే దీవెనలే!

బావమరిది ఎర్రటి షర్బత్తు తెచ్చాడు. "హమైకా బావా, పువ్వులతో చేస్తారు." గటగటా తాగాను. పులుపు! కాలిన నాలిక మీద పులుపు. ఏం పువ్వురా అంటే ఫోన్ చూసి, "మన గోంగూర జాతి మొక్కేనట" అన్నాడు సంబరంగా. ఇన్ని సముద్రాలు దాటొచ్చినా గోంగూర నన్ను వదల్లేదు.

ఈ బండి దగ్గర బిల్లు రాయరు. ఎన్ని తిన్నామో చివర్లో మనమే చెప్పాలి, వాళ్ళు నమ్ముతారు. ఆయన నన్ను చూసి "క్వాంతోస్?" అన్నాడు. ఎన్ని అని. ఆ ఒక్క ముక్కా ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. గొంతు పెగల్లేదు, రెండు వేళ్ళు చూపించాను. తల ఊపి, మాంసం గీసి, అనాస ముక్క ఎగరేసి పట్టి, ఇంకో రెండు టాకోలు నా ముందు పెట్టాడు. ఇష్టంగా తిన్నానని గమనించాడు కాబోలు, ఆ ఉల్లిపాయలు ఈసారి ఆయనే దండిగా వేశాడు.

అవి బావమరిది తిన్నాడు. నారింజ ముక్కలు ఒక్కొక్కటీ ఏరి పక్కన పెట్టి మరీ తిన్నాడు.

"ఇవి ఘాటుంటాయి బావా" అన్నాడు.

డబ్బులు నేనే ఇచ్చాను.