పది నంబర్ చొక్కా, పద్దెనిమిదేళ్ల మోకాలు

2020 నవంబర్ 7, శనివారం. కరోనా వల్ల బార్సిలోనాలోని క్యాంప్ నౌ స్టేడియం ఖాళీగా ఉంది. అప్పట్లో లా లీగా మ్యాచ్‌లు మన దేశంలో ఫేస్‌బుక్‌లో ఉచితంగా వచ్చేవి కాబట్టి, అన్నం ప్లేటు పక్కన ఫోన్ నిలబెట్టుకుని ఆ ఆట చూసిన తెలుగు కుర్రాళ్లు కూడా ఉండే ఉంటారు. బార్సిలోనాకూ రియల్ బెటిస్‌కూ మ్యాచ్. మొదటి సగంలో బెటిస్ డిఫెండర్ ఐసా మాండీ అడ్డుపడితే బార్సిలోనా కుర్రాడు ఆన్సు ఫాతి కింద పడ్డాడు. లేచాడు, కాసేపు ఆడాడు కూడా. విరామం తర్వాత మాత్రం మైదానంలోకి రాలేదు. అతని బదులు బెంచీ మీద నుంచి లేచి వచ్చినవాడు మెస్సీ. మెస్సీ రెండు గోల్స్ కొట్టాడు, బార్సిలోనా 5-2తో గెలిచింది. ఆ గెలుపు సంబరం మధ్యలోనే ఫాతి ఎడమ మోకాలిలో మెనిస్కస్ అనే మృదులాస్థి చిరిగిందన్న కబురు వచ్చింది. అతనికి పద్దెనిమిదేళ్లు నిండి అప్పటికి సరిగ్గా వారం.

ఆ తర్వాత ఫాతి పేరు ఎక్కడ వినిపించినా దాని వెనకే ‘పాపం, దురదృష్టం’ అన్న మాట వినిపిస్తుంది. నాకు ఆ మాట మీద పేచీ ఉంది. మాండీ కాలు అడ్డుపడటం దురదృష్టమే, ఒప్పుకుంటాను. కానీ ఆ దెబ్బ తగిలాక అతనికి ఏ చొక్కా ఇచ్చారు, ఏ రోజు ఎన్ని నిమిషాలు ఆడించారు, అతని మీద ఎంత ఆశ పెట్టుకున్నారు అన్నవి జాతకంలో రాసి ఉన్నవి కావు. మనుషులు ఆఫీసు గదుల్లో కూర్చుని తీసుకున్న నిర్ణయాలు.

ఫాతి పుట్టింది 2002లో, పశ్చిమాఫ్రికాలోని గినీ-బిస్సావులో. బతుకుతెరువు కోసం తండ్రి ముందే స్పెయిన్ చేరితే, కుటుంబం తర్వాత సెవిల్ దగ్గరి హెరేరా అనే ఊరికి వచ్చింది. పదేళ్లప్పుడు బార్సిలోనా అకాడమీ లా మసియాలో చేరాడు. పదమూడో ఏట కాలి ఎముకలు విరిగి నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు. అందరూ 2020తో మొదలుపెట్టే గాయాల కథకు ఇది ముందుమాట. చిన్నప్పుడే ఒకసారి కాలు విరిగి, అతుక్కుని, మళ్లీ పరుగెత్తిన కుర్రాడు అతను.

2019 ఆగస్టులో మొదటి జట్టులోకి వచ్చాడు. వారం తిరక్కుండా ఒసాసునా మీద తలతో గోల్ కొట్టాడు. అప్పుడతని వయసు 16 ఏళ్ల 304 రోజులు. లీగ్‌లో బార్సిలోనాకు గోల్ కొట్టిన వాళ్లలో అంత చిన్నవాడు అప్పటిదాకా లేడు. సెప్టెంబర్‌లో వాలెన్సియా మీద రెండో నిమిషంలో తను గోల్ కొట్టి, ఏడో నిమిషంలో సహచరుడు డియాంగ్‌తో కొట్టించాడు. డిసెంబర్‌లో మిలాన్‌లోని సాన్ సీరోలో, బెంచీ నుంచి వచ్చిన కాసేపటికే కొట్టిన గోల్‌తో ఇంటర్ జట్టు ఛాంపియన్స్ లీగ్ నుంచి బయటికి పోయింది. ఆ టోర్నీలో గోల్ చేసిన అతి చిన్నవాడు అప్పటికి అతనే, 17 ఏళ్ల 40 రోజులు. 2020 సెప్టెంబర్‌లో ఉక్రెయిన్ మీద కొట్టిన గోల్‌తో స్పెయిన్ జాతీయ జట్టులో అతి చిన్న వయసు గోల్‌కు 1925 నుంచి నిలిచిన రికార్డు కూడా చెరిగిపోయింది.

ఈ వయసులన్నీ రోజులతో సహా ఎందుకు రాస్తున్నానంటే, అప్పుడు పత్రికలు రాసింది, మనం పంచుకున్నది ఈ అంకెలే. పిల్లాడి వయసును రోజుల్లో లెక్కపెట్టిన వాళ్లం, అతను ఆడిన నిమిషాలను లెక్కపెట్టలేదు. క్రికెట్ చూసే మనకు ఇది కొత్త సంగతేం కాదు. కుర్రాడు 150 కిలోమీటర్ల వేగంతో బంతి వేస్తున్నాడంటే స్పీడ్ గన్ అంకె పండగ చేసుకుంటాం. వర్క్‌లోడ్ అన్న మాట మనకు గుర్తొచ్చేది అతని వెన్ను పట్టేశాకే.

అంకెలు పక్కన పెట్టి ఆట చూస్తే, ఫాతిలో అసలు విశేషం పరుగు కాదు. కాలు పెద్దగా వెనక్కి లాగకుండానే బంతిని తన్నేసేవాడు. గోల్‌కీపర్ సర్దుకునేలోపే బంతి అతన్ని దాటిపోయేది. ఒక్క టచ్, మహా అయితే రెండు. గోల్ ముందుండే బాక్స్ లోపల ఎక్కడ నిలబడాలో ఎవరూ నేర్పకుండానే తెలిసినట్టుండేది. ఇలాంటి ఆటకు మెరుపు వేగంతో అవసరం తక్కువ. అయినా అతన్ని ఎక్కువగా ఎడమ అంచున నిలబెట్టి, డిఫెండర్‌ను దాటుకుంటూ లోపలికి పరుగెత్తే పని అప్పగించారు. మోకాలి మీద, తొడ వెనుక కండరం మీద భారం ఎక్కువ పడేది ఆ పనిలోనే. ఇది నా అభిప్రాయం, కోచ్‌లు ఒప్పుకోకపోవచ్చు.

ఇక మోకాలి సంగతి. మెనిస్కస్ అంటే తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య దిండులా ఉండే మెత్తటి మృదులాస్థి. దాని బయటి అంచుకు రక్తం బాగా అందుతుంది, లోపలి భాగానికి అందదు. రక్తం అందే చోట చిరిగితే కుట్టినప్పుడు అతుక్కునే అవకాశం ఉంటుంది, అందని చోట కష్టం. చిరిగిన ముక్కను కోసి తీసేస్తే ఆటగాడు కొన్ని వారాల్లోనే తిరిగి రావచ్చు, కానీ దిండు పోయిన కీలు ముందుముందు అరిగిపోతుంది. పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఇంకో పదిహేనేళ్ల ఆట ఉంది కాబట్టి కుట్టి కాపాడాలని చూడటంలో తప్పేమీ లేదు. మొదటి ఆపరేషన్‌లో చేసింది అదే. నాలుగు నెలలన్నారు. ఆ కుట్టు నిలవలేదు. మళ్లీ కత్తి, మళ్లీ ఎదురుచూపు. మొత్తం నాలుగు ఆపరేషన్లు. నాలుగు నెలలు కాస్తా పది దాటాయి.

ఆ పది నెలల్లో క్లబ్బు కూడా మంచాన పడింది. 2021 ఆగస్టులో అధ్యక్షుడు లపోర్టా అప్పు 135 కోట్ల యూరోలని చెప్పాడు. జీతాల పరిమితి కుదరక మెస్సీ కన్నీళ్లతో వెళ్లిపోయాడు. అతని పది నంబర్ చొక్కా ఖాళీ అయింది. దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టొచ్చు, వయసు మీరిన ఆటగాడికి ఇవ్వొచ్చు. సెప్టెంబర్ 1న ఇచ్చింది ఎవరికి? పది నెలలుగా ఒక్క మ్యాచ్ కూడా ఆడని, వయసింకా పంతొమ్మిది నిండని ఫాతికి.

అది కుర్రాడి మీద ప్రేమ అంటారు, నమ్మకం అంటారు. కొంత ప్రేమ ఉండే ఉంటుంది. కానీ మెస్సీ పోయిన ఇంట్లో అమ్ముకోవడానికి, ఆశపడటానికి ఒక ముఖం కావాలి. అకాడమీలో పెరిగినవాడు, నవ్వు ముఖం, రికార్డులు ఉన్నవాడు, పైగా కొనడానికి పైసా ఖర్చు లేనివాడు. అక్టోబర్‌లో 2027 దాకా కొత్త ఒప్పందం రాసుకున్నారు. మధ్యలో ఎవరైనా కొనాలంటే వంద కోట్ల యూరోలు కట్టాలని అందులో పెట్టారు. అంకె చూడటానికి బాగుంది. ఆ అంకె మోకాలికి బలమివ్వదు కదా.

తిరిగి వచ్చిన రోజు మాత్రం ఎవరూ మర్చిపోలేరు. సెప్టెంబర్ 26, లెవాంతే మీద. ఆట చివర్లో దిగి, తొంభై నిమిషాలయ్యాక కలిపే ఇంజురీ టైమ్‌లో గోల్ కొట్టాడు. నిజం చెప్పాలంటే నేనూ ఆ రాత్రి ‘ఇక అయిపోయింది, గండం గడిచింది’ అనుకున్నవాణ్నే. మూడు రోజులకే జట్టు బెన్‌ఫికా చేతిలో 0-3తో ఓడింది. అంతకు ముందే బయర్న్ చేతిలో అదే స్కోరు. కోచ్ కూమన్ కుర్చీ కదులుతోంది. ఇలాంటప్పుడు గోల్ కొట్టగలవాడు బెంచీ మీద ఉంటే ఏ కోచ్ ఆగుతాడు? ఫాతి అక్టోబర్ 17న వాలెన్సియా మీద గోల్ చేశాడు. నెలాఖరుకు కూమన్‌ను తీసేశారు. నవంబర్ 2న కీవ్‌లో గెలుపు గోల్ ఫాతిదే. నాలుగు రోజులకు సెల్టా మీద మళ్లీ మొదటి పదకొండు మందిలో దించారు. ఐదో నిమిషంలో గోల్ కొట్టాడు. విరామం వచ్చేసరికి తొడ వెనుక పట్టుకుని బయటికి నడిచాడు.

ఆ రోజు తేదీ నవంబర్ 6. మోకాలు చిరిగి ఏడాది కావడానికి ఒక్క రోజు తక్కువ. 3-0తో ముందున్న బార్సిలోనా ఆ మ్యాచ్‌ను 3-3తో ముగించింది.

నెలల తరబడి ఒక కాలిని కాపాడుకుంటూ నడిచిన మనిషిలో తొడ కండరాలు బలహీనపడతాయి, రెండు కాళ్ల మధ్య తూకం తప్పుతుంది. మోకాలు బాగుపడ్డా, పూర్తి వేగంతో పరుగెత్తి ఒక్కసారి ఆగే పనికి హ్యామ్‌స్ట్రింగ్, అంటే తొడ వెనుక కండరం, అలవాటు పడటానికి ఇంకా టైమ్ కావాలి. ఇది ఏ ఫిజియోను అడిగినా చెప్పే మాటే. బార్సిలోనాలో ఉన్న ఫిజియోలకు తెలియదని నేననను. వాళ్లకు తెలిసిందే. కానీ అక్కడ పాయింట్ల పట్టిక ఫిజియో కంటే గట్టిగా మాట్లాడింది.

జనవరిలో మళ్లీ వచ్చాడు. రియాద్‌లో సూపర్ కప్ సెమీఫైనల్లో రియల్ మాడ్రిడ్ మీద స్కోరు సమం చేశాడు. ఎనిమిది రోజుల తర్వాత బిల్బావోలో కప్ మ్యాచ్. మామూలు సమయంలో తేలక అదనపు సమయానికి వెళ్లింది. సబ్‌స్టిట్యూట్‌గా దిగినవాడు ఆ అదనపు సమయంలోనే ఏడుస్తూ బయటికి వచ్చాడు. అదే తొడ. ఈసారి ఆపరేషన్ వద్దనుకుని, మందులూ వ్యాయామాలతో నయం చేసుకునే దారి ఎంచుకున్నాడు. దీన్ని తప్పుపట్టిన వాళ్లున్నారు. మోకాలికి నాలుగుసార్లు కత్తి పెట్టించుకున్న పంతొమ్మిదేళ్ల పిల్లాడు ఐదోసారి వద్దంటే తప్పుపట్టడానికి నాకైతే మనసొప్పదు. మే నెల దాకా ఆట లేదు.

ఆ తర్వాతి సీజన్ గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. 2022-23లో అతను 51 మ్యాచ్‌లలో కనిపించాడు. అంటే ఒళ్లు సహకరించింది. కానీ గోల్స్ పదే. స్ట్రైకర్ లెవాండోవ్‌స్కీ వచ్చాక ముందు వరుసలో చోటు ఇరుకైంది. చాలాసార్లు చివరి పదిహేను, ఇరవై నిమిషాలకు దించేవారు. కొడుకును ఆడనివ్వడం లేదని తండ్రి మీడియా ముందే కోప్పడ్డాడు. అంతకు ముందు సీజన్లో ఆడకూడనప్పుడు ఆడించారు, ఒంట్లో బాగున్నప్పుడు కూర్చోబెట్టారు. ఇది కొంచెం పెద్ద మాటే, కానీ వెనక్కి తీసుకోను. ఒక ఆటగాడి ధైర్యం తిరిగి రావాలంటే వరుసగా తొంభై నిమిషాలు కావాలి, తప్పులు చేసే తీరిక కావాలి. పది నంబర్ వేసుకున్నవాడికి బార్సిలోనాలో ఆ తీరిక దొరకదు. 2023లో లోన్ మీద, అంటే కొన్నాళ్లకు అరువుగా, ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌కు పంపారు. కుదురుకుంటున్నాడు అనుకునేలోపు నవంబర్‌లో పిక్క కండరం పట్టేసింది. ఆ నవంబర్ నెలకు ఇతని మీద ఏం పగో.

ఇలాంటి వాళ్లు ముందు కూడా ఉన్నారు. 1999 ఏప్రిల్‌లో లీడ్స్ మైదానంలో మైకేల్ ఓవెన్‌కు హ్యామ్‌స్ట్రింగ్ తెగేసరికి అతనికి పంతొమ్మిదేళ్లు. అప్పటికే ఇంగ్లిష్ లీగ్‌లో ఒక సీజన్ టాప్ స్కోరర్, అర్జెంటీనా మీద ప్రపంచకప్ గోల్ కొట్టిన కుర్రాడు. ఆ తర్వాత 2001లో ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ గెలిచాడు, ఇంగ్లండ్‌కు మొత్తం 40 గోల్స్ కొట్టాడు. అయినా లీడ్స్ తర్వాత తను పాత ఓవెన్ కాదని అతనే చెప్పుకున్నాడు. పరుగు మీద బతికిన ఆట అది. పరుగు తగ్గాక మిగిలినదాంతోనే అంత సాధించాడు.

బ్రెజిల్ రొనాల్డోది ఇంకో దారి. 1999 నవంబర్‌లో మోకాలి టెండన్ (కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే పట్టీ) చిరిగింది. 2000 ఏప్రిల్‌లో రోమ్‌లో లాజియో మీద తిరిగి దిగితే, నిమిషాల్లోనే ఆ టెండన్ పూర్తిగా తెగి కుప్పకూలాడు. ఆ తర్వాత ఏడాదికి పైగా మైదానం ముఖం చూడలేదు. 2002 ప్రపంచకప్‌లో ఎనిమిది గోల్స్ కొట్టాడు. మొదటిసారి ఐదు నెలల్లో వచ్చినవాడు నిలబడలేదు. రెండోసారి అంతకు మూడింతలు ఆగినవాడు ప్రపంచాన్ని గెలిచాడు. ఒక్క రొనాల్డోను చూపించి సూత్రం కట్టలేం, నిజమే. ఫాతి అభిమానిగా మాత్రం నాకు ఆ రెండు తిరిగిరావడాల మధ్య తేడా గుర్తొస్తూనే ఉంటుంది.

బార్సిలోనా ఒక్క ఫాతితోనే ఇలా చేసిందా అంటే, కాదు. 2020-21లో మరో బార్సిలోనా కుర్రాడు పెద్రీని క్లబ్బూ దేశమూ కలిసి 70కి పైగా మ్యాచ్‌లు ఆడించాయి. యూరో కప్ ముగిసీ ముగియగానే ఒలింపిక్స్‌కు టోక్యో పంపారు. ఆ తర్వాత కొన్నేళ్లు అతని తొడ కండరం నిలబడలేదు. ఇంకో కుర్రాడు గావీ 2023 నవంబర్‌లో స్పెయిన్‌కు ఆడుతూ మోకాలి లిగమెంట్ తెంచుకున్నాడు. పెద్రీ కోలుకున్నాడు, ఇప్పుడు జట్టుకు అతనే ఇరుసు. అందుకే అందరి కథా ఒకేలా ముగుస్తుందని నేననను. కానీ అప్పుల్లో ఉన్న ఇల్లు పిల్లల సంపాదన మీద ఆధారపడితే ఏం జరుగుతుందో మన ఊళ్లలోనూ చూస్తూనే ఉన్నాం.

బ్రైటన్ నుంచి వచ్చాక ఫాతి 2024-25లో బార్సిలోనా కోచ్ హాన్సీ ఫ్లిక్ కింద అక్కడక్కడా కాసిన్ని నిమిషాలు ఆడాడు, గోల్ లేదు. 2025 వేసవిలో లోన్ మీద మొనాకో వెళ్లాడు. అక్కడ కూడా మొదట కండరం నొప్పే పలకరించింది. సెప్టెంబర్‌లో ఛాంపియన్స్ లీగ్‌లో బ్రూజ్ మీద మొదటిసారి దిగి గోల్ కొట్టాడు. మూడు రోజులకు మెట్జ్ మీద విరామం తర్వాత వచ్చి రెండు కొట్టాడు. ఎప్పటిలాగే కాలు పెద్దగా వెనక్కి లాగకుండా.

ఈలోపు బార్సిలోనాలో అతను వదిలిన పది నంబర్ చొక్కా 2025 జులై 16న లమీన్ యమాల్‌కు ఇచ్చారు. యమాల్‌కు పద్దెనిమిదేళ్లు నిండి అప్పటికి మూడు రోజులు. సెప్టెంబర్‌లో, నొప్పి మాత్రలు వేయించి మరీ కుర్రాణ్ని జాతీయ జట్టు ఆడించిందని ఫ్లిక్ బహిరంగంగానే మండిపడ్డాడు. మొనాకోలో ఫాతి వేసుకున్న నంబర్ 31. పదహారేళ్లప్పుడు ఒసాసునా మీద మొదటి గోల్ కొట్టిన రోజున అతని వీపు మీద ఉన్నదీ ఆ అంకే.