సవరణ: ‘హైడ్‌బౌండ్’లో ఉన్నది తోలు

పర్లాకిమిడి పోటీ పరీక్షల పిల్లల కోసం మొన్న పెట్టిన పదాల పట్టికలో ‘హైడ్‌బౌండ్’ (hidebound) అనే ఇంగ్లిష్ మాటకు అర్థం నలుగురిలోకి రాకుండా దాక్కునేవాడు అని పడింది. అది తప్పు. పాత పద్ధతినే పట్టుకు వేలాడుతూ కొత్తది ఒప్పుకోని మనిషిని అలా అంటారు. (ఉదాహరణకు బ్లాకాఫీసు దాకా వెళ్లక్కర్లేదు, ఇళ్లల్లోనే దొరుకుతారు.)

ఇక్కడ హైడ్ అంటే దాక్కోవడం కాదు, పశువు తోలు. బౌండ్ ‘బైండ్’ (కట్టడం) నుంచి వచ్చింది. 16వ శతాబ్దంలో ఈ మాట బక్కచిక్కిన పశువులకు వాడేవారు. మేత చాలకో, కడుపులో పాములు పడో ఒంట్లో కొవ్వు కరిగిపోతే తోలు డొక్కలకు అతుక్కుంటుంది. పక్కటెముకల మీద రెండు వేళ్లతో పట్టి లాగండి: మంచి ఆవు తోలు వదులుగా లేస్తుంది, బక్కచిక్కినదానిది లేవదు. ఆ బిగువే తర్వాత మనుషుల బుర్రలకూ అన్వయించారు.

బరంపురం మీదుగా వెళ్లే రైలును ‘హౌరా బౌండ్’ (హౌరా వైపు వెళ్లేది) అంటే ఆ బౌండ్ వేరు. ‘సిద్ధమైన’ అనే అర్థమున్న పాత నార్స్ (స్కాండినేవియా వాళ్ల పాత భాష) మాట నుంచి వచ్చింది, బైండ్‌తో చుట్టరికం లేదు.