మైక్రో ఎకనామిక్స్ అంటే ఉత్త కామన్ సెన్సేనా?

సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడ్డాయంటే హైదరాబాద్ డిగ్రీ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. మాటలు కాస్త అటూ ఇటూ మారినా సారం ఇదే: “మైక్రో ఎకనామిక్స్ అంటే అందరికీ తెలిసిన కామన్ సెన్సే. లెక్కలు అక్కర్లేదు, గ్రాఫులు బట్టీ పడితే చాలు. ఏ ఒక్కరూ ధరను శాసించలేని సంపూర్ణ పోటీ ఎక్కడా ఉండదు కాబట్టి బయట ఎందుకూ పనికిరాదు. మూడు రోజులు గైడ్ తిరగేయండి, పాసైపోతారు.” మనుషులూ వ్యాపారాలూ ధరలను బట్టి ఎలా నిర్ణయాలు తీసుకుంటారో చెప్పే ఈ పాఠాన్ని బోధించేవాడిగా ఒక్కో మాటకీ జవాబు ఇస్తాను.

కామన్ సెన్స్ సంగతి ముందు. “రంజాన్‌లో హలీం రేటు పెంచినా క్యూ పెరుగుతోంది కదా సార్, డిమాండ్ సూత్రం తప్పేగా?” అని క్లాసులో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. తెలివైన ప్రశ్నే. కానీ ధర పెరిగితే కొనుగోలు తగ్గుతుందని ఆ సూత్రం చెప్పేది మిగతావన్నీ మారకుండా ధర ఒక్కటే మారినప్పుడు. రంజాన్‌లో మారేది జనం కోరిక. అంటే ఏ ధరకు ఎంత కొంటారో చూపే డిమాండ్ రేఖ మొత్తం కుడివైపుకు జరుగుతుంది, ధరా అమ్మకమూ రెండూ పెరుగుతాయి. 2023 జులైలో టమాటా కిలో వంద దాటి, కొన్నిచోట్ల రెండు వందల దాకా పోయినప్పుడు జరిగింది వేరు. పంట దెబ్బతిని, ఏ ధరకు ఎంత అమ్ముతారో చూపే సప్లై రేఖ ఎడమకు జరిగింది, మనం అదే డిమాండ్ రేఖ మీద పైకి ఎక్కి తక్కువ కొన్నాం. రెండుచోట్లా ధర పెరిగింది, కారణాలు మాత్రం ఒకదానికొకటి ఎదురు. ఈ తేడా పట్టుకోనివాళ్లే “ధర పెరిగితే డిమాండ్ తగ్గును, డిమాండ్ తగ్గితే ధర తగ్గును” అంటూ జవాబు పత్రంలో గిరగిరా తిరుగుతుంటారు.

ఇంకొకటి చూడండి. అమీర్‌పేటలో ఒక టిఫిన్ సెంటర్ ఉందనుకుందాం. అద్దె నెలకు 40,000, అగ్రిమెంట్ అయ్యేదాకా మూసినా కట్టాల్సిందే. సరుకులు, గ్యాస్, జీతాలు కలిపి 1,30,000. వసూళ్లు 1,50,000. నెలకు 20,000 నష్టం. చుట్టాలందరూ “మూసెయ్యరా బాబూ” అంటారు. మూస్తే నష్టం 40,000! చర వ్యయాలు, అంటే నడిపితేనే అయ్యే సరుకులు, గ్యాస్, జీతాల ఖర్చులు పోను ఎంతో కొంత మిగులుతున్నంతకాలం స్వల్పకాలంలో నడపడమే మేలు, అగ్రిమెంట్ అయ్యాక వదిలేయాలి. ఆ చుట్టాల సలహాలో కామన్ సెన్స్‌కేం లోటు లేదు, లెక్కే లేదు.

ఇక లెక్కలు అక్కర్లేదన్న మాట. నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే, ఎందుకంటే లెక్కలంటే టెన్షన్ పడే పిల్లలే దీన్ని ముందు నమ్ముతారు. కావాల్సింది ఏడో తరగతి శాతాలు, భాగహారాలు. ఒక ఇరానీ హోటల్లో కప్పు చాయ్ 20 రూపాయలైతే రోజుకు 400 కప్పులు పోతాయనీ, రూపాయి పెంచినప్పుడల్లా 10 కప్పులు తగ్గుతాయనీ ఊహించుకోండి. 20 దగ్గర వసూళ్లు 8,000. 25 చేస్తే 350 కప్పులు, 8,750. 30 చేస్తే 300 కప్పులు, 9,000. 35కి మళ్లీ 8,750. 40కి 200 కప్పులు, తిరిగి 8,000. గీత ఒకటే, వాలు ఎక్కడా మారలేదు. మరి 30 దాకా రేటు పెంచితే గల్లా నిండి, అది దాటాక ఎందుకు తగ్గింది? ధర ఒక శాతం మారితే కొనుగోలు ఎంత శాతం మారుతుందో చెప్పేదే డిమాండ్ వ్యాకోచత్వం. 20 దగ్గర అది 0.5, 30 దగ్గర సరిగ్గా 1, 40 దగ్గర 2. వాలూ వ్యాకోచత్వమూ ఒకటి కాదన్న సంగతి ఈ ఐదు అంకెలు చేత్తో వేసుకుంటే జన్మలో మరిచిపోరు. బొమ్మ బట్టీ పట్టినవాళ్లకు ధర నిలువు అక్షం మీద ఉందో అడ్డంగా ఉందో కూడా పరీక్ష హాల్లో అనుమానమే. (ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లకు ధర నిలువుగా ఉండటం వింతగానే ఉంటుంది. అది ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ నుంచి వచ్చిన అలవాటు.)

సంపూర్ణ పోటీ అచ్చంగా ఎక్కడా కనిపించదన్నది చాలావరకు నిజం. అందుకే సిలబస్ అక్కడ ఆగదు. ఏకస్వామ్యం (ఒక్కరే అమ్మేది), ఏకస్వామ్య పోటీ (చాలామంది కాస్త తేడా ఉన్న సరుకు అమ్మేది), పరిమితస్వామ్యం (కొద్దిమందే అమ్మేది) అంటూ ముందుకు పోతుంది. పైగా మొదటి ఏడాది పాఠాన్ని గట్టిగా ప్రశ్నించింది ఆర్థికవేత్తలే. కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయని ఆ పాఠం చెబుతుంది. అమెరికాలోని న్యూజెర్సీ 1992లో గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచినప్పుడు, డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అక్కడి ఫాస్ట్‌ఫుడ్ షాపుల్నీ పక్కనున్న పెన్సిల్వేనియా షాపుల్నీ పోల్చి చూశారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గినట్టు వాళ్లకు కనిపించలేదు. దానిమీద వాదోపవాదాలు చాలా నడిచాయి. కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది. యజమానికి కూలీల మార్కెట్లో పెత్తనం ఉంటే వేతనం పెరిగినా ఉద్యోగాలు పోకపోవచ్చని చెప్పేదీ మైక్రో ఎకనామిక్సే.

గైడ్‌తో పాసవుతారా? అవుతారు, అందులో వాదన లేదు. కానీ పీజీ సీటు కోసం సీపీగెట్ రాసేటప్పుడు వ్యాస ప్రశ్నలు ఉండవు, అన్నీ ఆప్షన్లే. అక్కడ నిర్వచనం అప్పజెబితే మార్కు రాదు. నిజంగా మూడు రోజులే మిగిలితే గైడ్ పక్కన పెట్టి తెల్ల కాగితం తీసుకోండి. ఆటో ఛార్జీలు పెరిగితే మెట్రో టికెట్ల డిమాండ్ రేఖ ఎటు జరుగుతుందో, మెట్రో ఛార్జీలే పెరిగితే ఆ రేఖ అసలు జరుగుతుందో లేదో గీసి చూడండి.